ముందువల సంగప్ప

సంఘం మీటింగులో యాదన్న ఆ మాట అన్నప్పుడు సంగప్ప చేతిలో చాయ్ గ్లాసు ఉంది. సగం తాగిన గ్లాసును కింద పెట్టి, భుజం మీది తువ్వాల తీసి, గట్టిగా ఒకసారి దులిపి, మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. ఆయనకు కోపం వస్తే ముందు తువ్వాలకు తెలుస్తుంది, ఆ తర్వాతే ఊరికి.

"మళ్లొక్కసారి అను," అన్నాడు.

యాదన్న మత్స్యకారుల సంఘానికి కొత్త అధ్యక్షుడు. వరసకు సంగప్పకు తమ్ముడి కొడుకు. బొంబాయి రోడ్డు మీది కంపెనీలకు నీళ్ల ట్యాంకర్లు తోలి పైకి వచ్చినవాడు. తెల్ల చొక్కా నలగకుండా కుర్చీ అంచున కూర్చొని నవ్వుతూనే అన్నాడు.

"అన్నదే అంటున్న పెద్దనాయినా. దోనె ఉన్నోనిదే ముందువల. గిది నేను పెట్టిన కట్టుబాటు కాదు, మీరు పెట్టిందే. ఇప్పుడు నీకు దోనె ఏడుంది? పెరట్ల బర్రెలు కుడితి తాగే తొట్టి ఉన్నది. తొట్టిల కూసొని చెరువుల దిగుతవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలో సగం మంది సంగప్ప ఈత నేర్పినవాళ్లే.

యాదన్న చెప్పిన కట్టుబాటు మాత్రం అబద్ధం కాదు. ఊర చెరువులో ఏడాదికొకసారి, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు, సంఘమంతా కలిసి వేట వేస్తుంది. ఆ రోజు దోనె ఉన్నవాడు ముందు నీళ్లలోకి పోవాలి. తూము దగ్గరి లోతు చూసి, అడుగున తుమ్మకంప ఎక్కడుందో చూసి, మొదటి వల ఆయనే విసరాలి. ఆ వలలో పడ్డ చేపలు ఆయనవే. ఆయన దోనెలో నిలబడి "దిగుండ్రి" అని కేక వేసేదాకా ఊళ్లో ఏ మగవాడూ, ఎంత పెద్దవాడైనా సరే, నీళ్లలో కాలు పెట్టకూడదు. ఊరంతటికీ ఒకటే దోనె ఉండేది. అది సంగప్పది. అందుకే పక్క ఊళ్లలో కూడా ఆయన్ని ఇంటిపేరుతో ఎవరూ పిలవరు. ముందువల సంగప్ప అంటారు.

ఆ దోనె ఎట్లా పుట్టిందో సంగప్ప చెప్తే వినాలి. మీసాలు మొలవని వయసులో తండ్రితో కలిసి నర్సాపూర్ అడవికి పోయాడు. ఇద్దరు చేతులు చాపి పట్టుకుంటే గానీ అందని ఇప్పమాను. దాన్ని ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చి, నడుమ నిప్పులు పోసి కాల్చి, కాలిన బొగ్గును బాడిశతో చెక్కి, మళ్లీ నిప్పులు పోసి, మళ్లీ చెక్కి, ఒక్క మొద్దులోంచి ఒక్క మేకు లేకుండా తీసిన దోనె అది. తండ్రి ముందు భాగం చెక్కాడు, సంగప్ప వెనక భాగం చెక్కాడు. వెనక భాగమే సాఫుగా వచ్చిందని తండ్రి స్వయంగా ఒప్పుకున్నాడట. ఆ ఒప్పుకోవడం విన్న సాక్షులు ఎవరూ ఇప్పుడు లేరు గానీ, అడగడానికి కూడా ఎవరూ సాహసించరు.

"ఈ సంఘాన్ని రిజిస్టరు చేయించింది ఎవడురా?" అని సంగప్ప లేచాడు. "సంగారెడ్డి ఆఫీసుకు ఎండల, వానల తిరిగింది ఎవడు? నీ నాయినకు సంతకం రాకపోతే వేలు పట్టి దిద్దిచ్చింది ఎవడు? అయిదో తరగతిల ఇనస్పెక్టరొచ్చి లెక్క అడిగితే బడి మొత్తంల చెప్పింది ఎవడు? చెరువు నిండి మత్తడి దుంకి తొవ్వ తెగిన ఏడు, నొప్పులు పడుతున్న ఆడిమనిషిని నా దోనెల ఎక్కిచ్చి అవతల ఒడ్డుకు చేర్చిన. అప్పుడు పుట్టినోడే ఇగో, నీ పక్కన కూసొని పండ్లికిలిస్తున్నడు!"

పక్కన కూర్చున్నవాడు నోరు మూసుకున్నాడు.

"ఓట్ల డబ్బాల కథ మరిచినవు తాతా," అని వెనక నుంచి ఎవరో అందించారు.

"మరువలే! దానికే వస్తున్న!" అన్నాడు సంగప్ప. ఎగతాళి అని తెలిసీ, వరదలో ఓట్ల డబ్బాలను దోనెలో దాటించిన ఆ కథ మొత్తం చెప్పాడు. చెప్పకుండా ఉండలేడు. చెప్పి ముగించేసరికి యాదన్న ఫోన్ చూసుకుంటున్నాడు.

"అయితే ఇగ తీర్మానం రాసుకుందామా పెద్దనాయినా? ఈసారి లీడరు సాబును పిలుస్తున్నం. ముందువల సంఘం తరఫున, అధ్యక్షుని చేతుల మీద."

"రాయకు," అన్నాడు సంగప్ప. గొంతు తగ్గింది. తగ్గినప్పుడే ఇంకా భయం. "వేటనాటికి నా దోనె నీళ్ల మీద ఉంటది. లేకుంటే సంఘంల నా పేరు కొట్టేసుకో. మొదటి పేరే నాది. ఎతుకులాడే పని గూడ లేదు."

ఇంటికి పోయే దారి పొడుగునా ఆయన నోరు ఆగలేదు. ముందు యాదన్నను తిట్టాడు, తర్వాత యాదన్న ట్యాంకర్లను, తర్వాత చెరువును ఆ గతికి తెచ్చిన కంపెనీ పెద్దలను. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాటలు బూతులయ్యాయి. ఒక వానాకాలం, ఎవరో ఏదో గొట్టం విప్పి కంపెనీ మురికినీళ్లు వదిలారు. తెల్లారి చూస్తే చెరువు మీద చేపలు తెల్లగా, కడుపులు పైకి పెట్టుకొని, ఒడ్డు నుంచి ఒడ్డుదాకా పరుచుకున్నాయి. కొంగలు కూడా ముట్టలేదు. ఎవరిదో తేలలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. చాలా ఏళ్లు వేట బందయింది. ఇప్పుడిప్పుడే ఆ మురికి కాలువలు మూసి, నీళ్లు పరీక్ష చేసి, పోయిన వానాకాలం సర్కారు చేపపిల్లల్ని వదిలింది. ఇన్నేళ్ల తర్వాత వస్తున్న మొదటి వేట ఇది. దీంట్లోనే ముందువల పోతే ఇక అది తిరిగి రాదని సంగప్పకు తెలుసు.

దోనెను కుడితి తొట్టి చేశాడని ఊరంతా నవ్విన మాట కూడా నిజమే. ఎందుకు చేశాడో మాత్రం ఎవరికీ తెలియదు. ఇప్పకర్ర దోనె ఎండకూడదు. ఎండిందా, నిలువునా పగులుతుంది. వెనకటికి ఎండాకాలం పని లేనప్పుడు రాళ్లు నింపి తూము దగ్గర నీళ్లలో ముంచి పెట్టేవాళ్లు. చెరువు విషమయ్యాక ఆ నీళ్లలో ముంచడానికి మనసొప్పక ఇంటికి తెచ్చి, ఎప్పుడూ తడిగా ఉండాలని కుడితి పోశాడు. ఇన్నేళ్లుగా ఆ కర్ర పచ్చిగా, బరువుగా, చిన్న బీట కూడా లేకుండా ఉంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నవ్వేవాళ్లకు వివరించి చెప్పుకోవడం నామోషీ. కొడుక్కీ చెప్పలేదు. అడగనివాడికి చెప్పడం అంతకన్నా నామోషీ.

భార్య రాజవ్వ వాకిట్లో కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. సంగతంతా విని తల ఎత్తకుండానే అడిగింది.

"దోనె నువ్వు తీసుకపోతే బర్రెలు ఏంట్ల తాగాలె? నీ ముందువలల తాగుతయా?"

"నీకు బర్రెలే కనవడుతున్నయి. నా ఇజ్జత్ కనవడుతలేదు."

"ఇజ్జత్ పాలియ్యదు గద మరి."

అదే వారం కొడుకు శ్రావణ్‌కుమార్ వచ్చాడు. చిట్కుల్‌లో కిరాయి ఇంట్లో ఉంటాడు, అక్కడికి దగ్గర్లోనే ఒక లైనింగ్ షాపులో పని. యాసిడ్ నింపే ట్యాంకులకు లోపల గాజునార చాప పరిచి, దాని మీద రెసిన్ అనే చిక్కటి జిగురు పూసి, రాయిలాగా గట్టిపరిచే పని. తండ్రి శపథం ఫోన్లోనే విన్నాడు. దోనె చుట్టూ తిరిగి, వేళ్లతో కొట్టి చూసి, కళ్లు మెరుస్తూ చెప్పాడు.

"నాయినా, మా షాపుకు తీసుకపోదాం. లోపట, బయట లైనింగ్ కొడతా. కొత్తదాని లెక్క అయితది. యాసిడ్ పోసినా ఏం గాదు, ఇగ నీళ్లెంత!"

"మెరుస్తదా?"

"అద్దం లెక్క."

సంగప్ప కళ్ల ముందు యాదన్న మొహం కనిపించింది. అద్దంలాంటి దోనె పక్కన, ఇప్పుడందరూ తెప్పగా వాడే థర్మాకోల్ ముక్క పట్టుకొని నిలబడ్డ మొహం. "తీస్కపో," అన్నాడు. దోనెలోంచి కుడితి పారబోస్తుంటే రాజవ్వ బర్రెలకు ప్లాస్టిక్ టబ్బు పెట్టి, మొగుడికి వినపడేటట్టు బర్రెలతోనే మాట్లాడింది. "ఇగ మీకు గిదే గతి తల్లీ. మీ తొట్టికి పెద్ద నౌకరీ దొరికింది."

నాలుగు రోజులాగి సంగప్ప పని చూడ్డానికి పోయాడు. షాపంటే రేకుల షెడ్డు. నడుమ రెండు ఇనుప బల్లల మీద దోనె. అటు ఇటు పెద్ద పెద్ద హాలోజన్ దీపాలు, లోపలికి వేడిగాలి కొట్టే బ్లోయరు. బయట ఎండ, లోపల ఆ సెగ. దీపాల వెలుగులో ఆయన వెంటనే చూశాడు. నల్లగా ఉండే కర్ర తెల్లబారింది. వెనక అంచు దగ్గర, తాను చెక్కిన చోట, వెంట్రుకంత గీత కనపడింది. నోరు తెరవబోయాడు.

అంతలో షాపులో పనిచేసే బీహారు వాళ్లు పని ఆపి దగ్గరికి వచ్చారు. ఒకడు కుర్చీ తెచ్చి వేశాడు, ఇంకొకడు చాయ్ తెచ్చాడు.

"చాచా, సునా హై ఆప్ బాఢ్ మే ఓట్ కా డబ్బా లేకే గయే థే?"

వరదలో ఓట్ల డబ్బాలు దాటించిన సంగతి వీళ్లకు ఎవరు చెప్పారు? శ్రావణ్‌కుమారే చెప్పి ఉంటాడు. ఊళ్లో ఈ కథ చెప్తే నవ్వేవాళ్లే తప్ప, కుర్చీ వేసి అడిగినవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు. సంగప్ప కూర్చున్నాడు. తువ్వాల మోకాళ్ల మీద పరుచుకొని, తనకు వచ్చిన హిందీలో మొదలుపెట్టాడు. ఎటు చూసినా నీళ్లు. ముగ్గురు పోలీసులు, ఒక ఆఫీసరు, నాలుగు డబ్బాలు. వీపుకు సెగ తగులుతూనే ఉంది. తర్వాత చెప్దాంలే అనుకున్నాడు.

"ఫిర్ చాచా?"

"ఫిర్ క్యా? పోలీసువాలే పూరా డర్ గయే. ఆఫీసర్ సాబ్ రోనే లగా. మై బోలా, బైఠో సాబ్! మేరా దోనె హై, డూబేగా నై!"

దోనె మునగదన్న మాటకు వాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక ఫెళ్లుమంది.

కట్టె విరిగిన చప్పుడు కాదు, ఇంకేదో. లోపల బిగపట్టుకొని ఉన్నది ఒక్కసారి వదిలేసిన చప్పుడు. సంగప్ప తిరిగి చూసేసరికి దోనె అడుగున, వెనక అంచు నుంచి ముందు కొమ్ముదాకా, వేలు దూరేంత పగులు. అందులోంచి అవతలి దీపం వెలుగు సన్నటి గీతలాగా ఇవతల పడుతోంది.

"ఎవడు పెట్టమన్నడురా ఈ దీపాలు?" సంగప్ప అరిచిన అరుపుకు రేకులు అదిరాయి. "ఎవడు ఎండపెట్టమన్నడు? చెట్టును సంపినవు గద! నా నాయిన చేతిని సంపినవు గద!"

శ్రావణ్‌కుమార్ ఉరికిపోయి బ్లోయరు ఆపాడు. "తేమ ఉంటే రెసిన్ పట్టదు నాయినా. ముందు ఎండపెట్టుడే మా పద్ధతి. ఎండితే పగులుతదని నాకేం ఎరుక? నువ్వెప్పుడన్న చెప్పినవా?"

"అడిగినవా?"

"ఇంతసేపటి సంది ఈడనే కూసున్నవు. నీ ఎనకనే ఉన్నది దోనె. ఒక్క మాట అనకపోతివి!"

తప్పు తనదైనప్పుడు సంగప్పకు వచ్చే కోపం వేరే. కుర్చీని తన్నాడు. చాయ్ తెచ్చినవాడిని తిట్టాడు. ట్రాలీ ఆటో పిలిపించి, కొడుకు చేయి వేయబోతే "ముట్టకు" అని, బీహారు వాళ్ల చేత ఎక్కించుకొని నేరుగా చెరువుకు తీసుకుపోయాడు. ఆ రోజు నుంచి కొడుకుతో మాట బంద్.

చెరువు నీళ్లలో దోనెను రాళ్లతో ముంచాడు. కర్ర నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఉబ్బితే పగులు మూసుకుంటుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి, గొంతుదాకా నీళ్లలో దిగి, మునిగి, వేలితో పగులు తడిమి చూసేవాడు. వేలంత ఉన్నది గోరంత అయింది. గోరంత ఉన్నది అక్కడే ఆగిపోయింది. గుగ్గిలం, నూనె, పాతగుడ్డ పీలికలు కలిపి దట్టించాడు. వేట ఇక వచ్చే ఆదివారం అనగా రాళ్లు తీసి, దోనె తేల్చి, ఒక్కడే ఎక్కి గడతో తోసుకుంటూ పోయాడు. తూముకు సగం దూరంలో గుడ్డ పీలికలు ఊడి పైకి తేలాయి. దోనె ఆయన కింద నుంచి మెల్లగా, మర్యాదగా మునిగిపోయింది. సంగప్ప గడ చంకలో పెట్టుకొని ఈదుకుంటూ ఒడ్డుకు వచ్చాడు. కట్ట మీద బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు చూడనట్టే ఉన్నారు. వాళ్లు నవ్వినా ఇంత మంట ఉండేది కాదు.

మర్నాడు దోనెను ఒడ్డుకు లాగుతుండగా కట్ట మీద బండి ఆగింది. శ్రావణ్‌కుమార్. భుజాన సంచి, చేతిలో బ్యాటరీ డ్రిల్లు. వెనక సీటు నుంచి రాజవ్వ దిగింది. ఇద్దరి మధ్య తాను లేకపోతే పని కాదని ఆమె లెక్క.

"ఏమే," అన్నాడు సంగప్ప, కొడుకు వైపు చూడకుండా. "వాడు ఎందుకొచ్చిండో అడుగు."

"ఎందుకొచ్చినవురా?" అడిగింది రాజవ్వ.

"రబ్బరు తెచ్చిన. కంపెనీల పైపుల జాయింట్ల నడుమ పెట్టేది. పగులుకు లోపట ఒక స్టీలు పట్టీ, బయట ఒక పట్టీ, నడుమ రబ్బరు, బోల్టుతో బిగిస్తా. కర్రను ఎండపెట్టే పని లేదు. తడి మీదనే. అది ఎంత ఉబ్బితే రబ్బరును అంత గట్టిగ పట్టుకుంటది. చెప్పు నాయినకు."

"వినవడ్డది," అన్నాడు సంగప్ప, చెరువుతో. "బోల్టంటే బొక్కలు పెట్టాలె. నా దోనెకు ఒక్క మేకు గూడ లేదు. దోనెకు బొక్కలు పెట్టి బాగుచేసే మొగోన్ని ఇప్పుడే సూస్తున్న. చెప్పు వానికి."

"ఇప్పుడున్నది బొక్క కాదా అని అడుగు అవ్వా."

"ఆ బొక్క పెట్టింది ఎవడో అడుగవే!"

"మీ ఇద్దరి నడుమ నా నోరు నొస్తున్నది," అని రాజవ్వ రాయి మీద కూలబడింది. "పెట్టనియ్యి. లేకుంటే మళ్లా బర్రెలకన్న ఇయ్యి. పాపం టబ్బుల తాగలేక అవి సగమైనయి."

కట్ట అవతల కంపెనీ గొట్టాల్లోంచి పొగ నిట్టనిలువుగా పోతోంది. సంగప్ప వంగి దోనె అంచు పట్టుకొని, పక్కకు వాల్చి, అడుగు భాగం కొడుకు వైపు తిప్పి పెట్టాడు. "ముందు కొమ్ము దగ్గర పెట్టొద్దను," అన్నాడు. "అది మా నాయిన చెక్కింది. ఎనక నాది. నా దానికి పెట్టుకోమను."

డ్రిల్లు తిరిగిన మొదటి చప్పుడుకు ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తర్వాత తిప్పుకోలేదు. బోల్టు వంకరగా పోతే "వంకరున్నదని చెప్పు," అన్నాడు. పట్టీ ఎత్తుగా ఉంటే "నా కాలు తట్టుతదని చెప్పు," అన్నాడు. వెనక సగం పొడుగునా పట్టీ, రబ్బరు బిగిసాయి. ముందు కొమ్ము దగ్గరికి వచ్చేసరికి శ్రావణ్‌కుమార్ ఆగాడు.

"ఈడ పట్టీ లేకుంటే నీళ్లొస్తయని చెప్పు అవ్వా."

"రానీ అని చెప్పు," అన్నాడు సంగప్ప. అక్కడ మాత్రం తన గుగ్గిలమే దట్టించాడు.

వేట రోజున కట్ట మీద షామియానా, మైకు, పూలదండలు. లీడరు సాబు ఇంకా రాలేదు. యాదన్న ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, థర్మాకోల్ తెప్ప చంకన పెట్టుకొని తయారుగా ఉన్నాడు. దోనెను చూసి ముందు కళ్లు పెద్దవి చేశాడు, దగ్గరికొచ్చి అడుగున స్టీలు పట్టీలు చూసి పగలబడి నవ్వాడు.

"ఇది దోనెనా పెద్దనాయినా, కంపెనీ డ్రమ్మా? బోల్టులు, రబ్బరు, స్టీలు! కట్టుబాటు అన్నది కర్ర దోనెకు. దీనికి లైసెన్సు కావాలె, ఆర్టీఓ ఆఫీసుకు తీస్కపో."

"నీ థర్మాకోల్ ఏ అడివిల కాసిందిరా యాదిగా?" అన్నాడు సంగప్ప.

ఈసారి నవ్వు అటు తిరిగింది. యాదన్న మొహం ఎర్రబడింది. "నవ్వులాట కాదు. సాబు వస్తున్నడు. సాబు రాకముందు ఎవలూ దిగొద్దు. అధ్యక్షునిగ చెప్తున్న."

జనం సంగప్ప వైపు చూశారు. ఇక రిజిస్టరు కథ, ఇనస్పెక్టరు లెక్క, ఓట్ల డబ్బాలు వరసగా వస్తాయని అందరికీ తెలుసు. ఒకరిద్దరు కూర్చోడానికి చోటు కూడా చూసుకున్నారు. సంగప్ప వలను మోచేతికి చుట్టుకొని, దోనెను ఒక్క తోపు తోసి, ఎక్కాడు. అది నీళ్ల మీద ఒకసారి ఊగి, నిలబడింది. ముందు కొమ్ము దగ్గర గుగ్గిలం సందులోంచి నీళ్ల బుడగ ఒకటి, తర్వాత సన్నటి ధార. నీళ్లు తోడేవాడు లేకుండా దోనె తూముదాకా చేరదని ఆయనకు ఆ ఒక్క చూపుతోనే తెలిసింది.

ఒడ్డున శ్రావణ్‌కుమార్ ఖాళీ పెయింటు బకెట్టు పట్టుకొని నిలబడి ఉన్నాడు. పిలిస్తే ఎక్కుతాడు. పిలవకపోతే ఎక్కడు, వాడికీ అదే నెత్తురు. సంగప్ప రాజవ్వ కోసం చూశాడు. ఆమె దూరంగా షామియానా కింద, ఆడవాళ్లలో. ఇంతదూరం కేక వేసి "వాన్ని రమ్మను" అని చెప్పిస్తే ఊరంతా వింటుంది. దోనెలో నీళ్లు చీలమండలు దాటాయి.

"సూస్తవేందిరా!" అని గర్జించాడు సంగప్ప, కొడుకు మొహంలోకి చూస్తూ. "ఎక్కు! తోడు! పగులగొట్టుడు ఒక్కటే వస్తదా నీకు?"

శ్రావణ్‌కుమార్ చెప్పులు వదిలి ఎక్కాడు.

వెనక నుంచి యాదన్న అరుస్తూనే ఉన్నాడు. అధ్యక్షుడనీ, తీర్మానమనీ, సాబు అనీ. కానీ దోనె వెంట ఎవరూ నీళ్లలోకి రాలేదు. యాదన్నా రాలేదు. దోనె నీళ్లలో ఉండగా, అందులోవాడు పిలవకముందు కాలు పెట్టడం అంటే ఆ ఊళ్లో ఎవరికీ చేతకాని పని. చిన్నప్పటి నుంచీ కాళ్లు అట్లా అలవాటు పడ్డాయి, తెల్ల చొక్కా వేసుకున్నవాడి కాళ్లు కూడా.

తూము దగ్గర సంగప్ప గడతో లోతు చూశాడు. అడుగున కంప తగిలింది. దాన్ని తప్పించి, రెండు కాళ్లూ స్టీలు పట్టీ మీద ఆనించి, వల విసిరాడు. ఈ వయసులో కూడా అది గుండ్రంగానే విచ్చుకుంది. తాడు బరువెక్కింది. లాగుతుంటే భుజం కలుక్కుమంది. కొడుకు బకెట్టు వదిలి తాడు పట్టుకోబోయాడు.

"తాడు నాది. నీళ్లు నీవి."

బొచ్చె చేపలు, రవ్వ చేపలు దోనెలోకి జారాయి. పెద్దవేం కావు. కానీ బతికి ఉన్నాయి, తెల్లటి కడుపులు కిందికి పెట్టుకొని కొట్టుకుంటున్నాయి. సంగప్ప వంగి వాటిని ఒక్కసారి చూసి, వెంటనే ముందు కొమ్ము వైపు మొహం తిప్పుకొని ఆ కారుతున్న ధారను తిట్టాడు.

"నాయినా, ఇగ దిగుమను వాళ్లని," అన్నాడు శ్రావణ్‌కుమార్, తోడి తోడి రొప్పుతూ. "పిక్కల దాంక వచ్చినయి నీళ్లు."

"వస్తే రానీ."

"మునుగుతం."

"మునిగితే ఈదు. ఊరందరికీ నేర్పినోన్ని, నీకు నేర్పలేదా?"

ఒడ్డున కారు ఆగింది, సాబు దిగాడు, దండ పడింది. యాదన్న ఒక కాలు గాల్లో పెట్టి, రెండు చేతులూ నోటి దగ్గర గొట్టంలాగా పెట్టుకొని కేక వేశాడు. "పెద్దనాయినా! సాబుకు వేరే ప్రోగ్రాం ఉన్నది! జెర పిలువు!"

సంగప్ప గడ గుచ్చి దోనెను అటువైపు తిప్పాడు. "ఆ మూల ఇంక సూడలే," అన్నాడు కొడుకుతో.

"ఆ మూల ఏముంటది నాయినా? మోకాలు లోతు గూడ లేదు."

"ఏముంటదో పోతే గద ఎరుకైతది. మనల్ని సూసి నవ్విండ్రు. నిలబడనీ కొద్దిసేపు. తోడు."

ఆ మూల చూశాడు. అక్కడి నుంచి మత్తడి వైపు చూశాడు. నడుమ ఒకసారి ఆగి, లేని కంపను గడతో పక్కకు నెట్టాడు. ఒడ్డున నాలుగు వరసల మనుషులు, వలలతో, తెప్పలతో, ఎండలో నిలబడి ఉన్నారు. సాబు షామియానా కింద కూర్చొని వాచీ చూసుకొని, లేచి, కారెక్కి వెళ్లిపోయాడు. కంపెనీల మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. అది పూర్తిగా ఆగేదాకా ఆగి, సంగప్ప దోనెలో నిటారుగా నిలబడి, కట్ట అవతలి వాడకు కూడా వినపడేటట్టు, "దిగుండ్రి!" అని అరిచాడు.

అప్పటికి దోనెలో నీళ్లు మోకాళ్ల దగ్గరికి వచ్చాయి. చేపలు అందులోనే ఈదుతున్నాయి.